సనద్ లేని దృశ్యం

"హజ్రత్, మీరు కూడా రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లివచ్చారట గదా!"

అస్ర్ నమాజు ముగించుకొని మా వేముల మసీదు మెట్లు దిగుతుండగా ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. అందులో ఎగతాళి లేదు గాని ఆశ్చర్యం మాత్రం ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా మదరసాలో హదీసు పాఠాలు చెబుతున్నవాడు సినిమాలు తీసే చోటికి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని వెళ్లడమేమిటన్నది ఆయన సందేహం. వెళ్లిన మాట వాస్తవమే. ఎందుకు వెళ్లామో, అక్కడ ఏం చూశామో, తిరిగి వచ్చాక నేను ఎవరి గడప తొక్కవలసి వచ్చిందో ఈ నెల పాఠకులకు విన్నవించుకోదలిచాను.

ముందు ఆ మిత్రుని సందేహాన్ని తీర్చవలసి ఉంది. ఇంటివారితో కలిసి ఉల్లాసంగా గడపడం ఇస్లాం నిషేధించిన విషయం కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) గారితో పరుగుపందెం వేశారు. ఈద్ రోజున మస్జిదె నబవీ ఆవరణలో అబిసీనియా వాసులు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, తన భుజం చాటున నిలబడి వాటిని చూసే అవకాశం ఆమెకు కల్పించారు. ఆమెకు తనివి తీరేదాకా ఆయన అలాగే నిలబడి ఉన్నారు. ఇవి ప్రామాణిక హదీసు గ్రంథాలలో ఉన్న విషయాలు. ధర్మం విధించిన హద్దులు దాటకుండా, నమాజు తప్పకుండా, దుబారా లేకుండా ఇంటివారిని బయటికి తీసుకువెళ్లడం కుటుంబ పెద్ద బాధ్యతల్లో ఒకటి. ఈ బాధ్యతను మాలాంటివాళ్లం తరచు మరచిపోతుంటాం. ఊరివారి పిల్లలందరికీ పాఠాలు చెబుతాం, మన పిల్లలతో కూర్చొని నవ్వడానికి మాత్రం తీరిక దొరకదు.

గత దసరా సెలవుల్లో పులివెందులలో రాత్రి బస్సెక్కి హైదరాబాదు చేరాము. నా సహధర్మిణి, కుమారుడు, కోడలు, పదకొండేళ్ల మనవడు, ఏడేళ్ల మనవరాలు, నేను. ఎల్.బి. నగర్‌లో ఉంటున్న మా చిన్నమ్మాయి ఇంట్లో దిగాము. ఫిల్మ్ సిటీ చూడాలన్న పట్టుదల మనవడిది. తన తరగతిలో చూడని పిల్లవాడు తానొక్కడేనని వాడి ఫిర్యాదు. నేను మొదట ఒప్పుకోలేదు. "అక్కడ సినిమా చూపరు అబ్బా, సినిమా ఎట్లా తీస్తారో చూపుతారు" అన్నాడు మా అబ్బాయి. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడా నన్ను కదిలించింది.

విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద, నగరానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది ఆ ఫిల్మ్ సిటీ. 1996లో రామోజీరావు దానిని నెలకొల్పారు. 1,666 ఎకరాల విస్తీర్ణంతో ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మా ఊరి పొలాలన్నీ కలిపితే అంత ఉంటాయా అని మా కోడలు లెక్కలు వేయసాగింది. లోపలికి వెళ్లాక సందర్శకులను బస్సులో ఎక్కించి, గైడు ఒక్కొక్క సెట్టింగు చూపుతూ వివరిస్తూ పోతాడు. సంగీత, నృత్య ప్రదర్శనలు కూడా ఉంటాయి. మేము వాటి జోలికి పోలేదు. తెర వెనుక పని చూపే చోట్లకే పరిమితమయ్యాము.

బస్సు ఒక వీధిలోకి మళ్లింది. రెండు వైపులా విదేశీ నగరంలోని భవనాల వంటి భవనాలు. కిటికీలు, బాల్కనీలు, తలుపుల మీద ఇత్తడి రంగు గుబ్బలు. మలుపు తిరిగి వెనుకవైపు చూస్తే ఇనుప కమ్ములు, చెక్క పలకలు, వాటికి ఆనించిన గోడలు. తలుపు తెరిస్తే గది లేదు. ఒక భవనానికి ముందువైపు ఒక ముఖం, పక్కకు వెళ్తే మరొక ముఖం. విమానాశ్రయమని చూపిన చోట విమానాలు దిగవు. రైల్వే స్టేషనులో నిలిచిన పెట్టెకు వెళ్లవలసిన ఊరంటూ లేదు.

బస్సు ఆగిన ఒకచోట మా మనవడు దిగి, రాతి స్తంభమనుకొన్నదానిని వేలి కణుపులతో తట్టాడు. డబ్బా మీద తట్టినట్టు చప్పుడయింది. "దాదా, ఇది రాయి కాదు!" అని కేక వేశాడు. ముగ్గురాయి గనుల నడుమ, కడప నాపరాళ్లు పరిచిన ఇంట్లో పెరిగిన పిల్లవాడికి రాయి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కంటికి రాయిగా కనిపించినదానిని వాడి చేయి అబద్ధమని తేల్చింది. చుట్టూ ఉన్నవారు నవ్వారు. నేనూ నవ్వాను. తట్టి చూడాలని నాకు మాత్రం తోచలేదన్న సంగతి ఆ నవ్వు మధ్య మనసులో చిన్నగా గుచ్చుకొంది.

ఇలాంటి పనితనం మన ప్రాంతానికి కొత్త కాదని మా అబ్బాయి పిల్లలకు చెప్పాడు. పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లెకు చెందిన బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి సోదరులు మద్రాసులో తెలుగు చిత్రపరిశ్రమను నిలబెట్టినవారిలో ముఖ్యులు. ఇద్దరినీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వరించింది. నాగిరెడ్డి, చక్రపాణిల సంస్థ 1957లో నిర్మించిన 'మాయాబజార్' కోసం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ స్టూడియోలోనే వెన్నెలను సృష్టించాడని ఇప్పటికీ చెప్పుకొంటారు. తెర మీద వెన్నెలగా మెరిసినది నిజానికి దీపాల వెలుగు. ఆ పనివారి నేర్పును ఎవరు కాదంటారు? అందులో మోసం కూడా లేదు. టికెట్టు కొన్న ప్రతివాడికీ అది కల్పన అని తెలుసు.

తరువాత మమ్మల్ని ఒక ప్రదర్శనశాలకు తీసుకువెళ్లారు. ఒక దృశ్యాన్ని మా కళ్లెదుటే చిత్రీకరించి, శబ్దం చేర్చి, కూర్పు చేసి, తెర మీద చూపుతామన్నారు. సందర్శకులలో నుంచే కొందరిని పిలిచారు. మొదటి గదిలో ఒక టాంగా ఉంది. దానికి గుర్రం లేదు. అది కదలనూ కదలదు. ఒక అమ్మాయిని అందులో కూర్చోబెట్టి, చేతికి కళ్లేలు ఇచ్చి, భయపడుతూ తోలుతున్నట్టు నటించమన్నారు. ఇద్దరు మనుషులు టాంగాను పట్టుకొని ఊపారు. అంతే. తరువాతి గదిలో చప్పుళ్లు చేయడానికి కొందరు కావలసి వచ్చారు. మా మనవడు నా వైపు చూశాడు. నేను తల ఊపగానే పరుగెత్తాడు. గుర్రపు డెక్కల చప్పుడు చేసే పని వాడికి దొరికింది. చూసేవారికి నవ్వు తెప్పించే ఆట అది.

చివరి గదిలో దీపాలు ఆరిపోయి తెర వెలిగింది. ఇప్పుడు ఆ టాంగా దుమ్ము రేపుకొంటూ పరుగెడుతోంది. వెనుక దుండగులు తరుముకొస్తున్నారు. అమ్మాయి ప్రాణభయంతో కళ్లేలు లాగుతోంది. డెక్కల చప్పుడు గుండెల మీద పడుతున్నట్టు ఉంది. పక్కన కూర్చున్న మనవడు ఉలిక్కిపడి నా చేయి పట్టుకొన్నాడు. అది వాడు చేసిన చప్పుడే. పది నిమిషాల కిందట తన రెండు చేతులతో చేసిన చప్పుడుకు తానే భయపడ్డాడు.

ఆ చీకటిలో నాకు నవ్వు రాలేదు. కొన్నేళ్ల కిందటి ఒక రాత్రి గుర్తుకు వచ్చింది.

అది రమజాన్ చివరి పది రోజులలో ఒక రాత్రి. తరావీహ్ ముగించుకొని ఇంటికి వచ్చేసరికి ఫోనులో ఒక వీడియో ఉంది. పంపినవాడు నాకు బాగా తెలిసినవాడు. ఎత్తయిన భవనం మంటల్లో ఉంది. మనుషులు కిటికీల నుంచి దూకుతున్నారు. కింద ఆర్తనాదాలు. గల్ఫ్‌లోని ఒక నగరం పేరు రాసి, అది మన జిల్లా కూలీలుండే భవనమనీ, దువా చేయండనీ ఎవరో జోడించారు. మన కడప జిల్లా నుంచి గల్ఫ్‌కు బిడ్డలను పంపని వీధి ఏది? నా కళ్లు చెమర్చాయి. ఆ వీడియోను మా జమాఅత్ గ్రూపులోకి పంపి, "అల్లాహ్ వారిని కాపాడుగాక" అని రాసి, పడుకొన్నాను.

మా వీధికి నాలుగో వీధిలో ఒక వితంతువు ఉంది. నాకన్నా పెద్దది, ఊరందరికీ ఖాలా. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆ నగరంలోనే పని చేస్తున్నాడు. ఆ రాత్రి ఎవరో ఆమెకు వీడియో చూపారు. కొడుక్కు ఫోను చేస్తే కలవలేదు. తెల్లవార్లూ జానమాజు మీదనే కూర్చొంది. సహరీ తినలేదు. ఫజ్ర్ తరువాత కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకువెళ్లారు. పొద్దెక్కాక కొడుకు ఫోను చేశాడు. రాత్రి షిఫ్టులో ఉన్నాడట, పనిచోట ఫోను అనుమతించరట. ఆ నగరంలో ఏ భవనమూ కాలలేదు.

రెండు రోజులకు మా అల్లుడు ఆ వీడియో పూర్తి నిడివిని ఎక్కడో పట్టుకొని నాకు చూపాడు. చివర ఒక మనిషి గొడుగు వేసుకొని చట్రంలోకి నడిచి వస్తాడు. కింద పడ్డవారు లేచి బట్టలు దులుపుకొంటారు. ఎవరో చప్పట్లు కొడతారు. అది ఏ దేశంలోనో జరిగిన షూటింగు. ఆ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించి, పైన ఒక ఊరి పేరు అంటించారు.

నేను చేసినది ఒక్కటే. గ్రూపులో ఆ వీడియోను తొలగించాను. ఎవరైనా అడిగితే "నాకు ఒకరు పంపారు, నేను పంపాను" అన్నాను. ఆ ఖాలా దగ్గరికి వెళ్లలేదు.

పాఠకులారా, నా వృత్తి ఏమిటో మరొకసారి గుర్తు చేసుకోండి. ప్రతి ఉదయం విద్యార్థుల ముందు హదీసు గ్రంథం తెరుస్తాను. అందులో ప్రతి మాటకు ముందు ఒక పేర్ల వరుస ఉంటుంది. ఫలానావారు ఫలానావారి నుంచి విన్నారు, ఆయన ఫలానావారి నుంచి విన్నారు. దానినే సనద్ అంటాము. ఆ వరుసలో ఒక్క మనిషి జ్ఞాపకశక్తి సరిగా లేకున్నా, ఇద్దరు కలుసుకొనే అవకాశమే లేకున్నా, మన పెద్దలు ఆ ఉల్లేఖనాన్ని బలహీనమని పక్కన పెట్టారు. ఇమామ్ ముస్లిం తన సహీహ్ గ్రంథపు పీఠికలో ఈ విషయమే చర్చించారు. సనద్ ధర్మంలో భాగమని, అది లేకుంటే ఎవరికి తోచినది వారు చెప్పేవారని అబ్దుల్లాహ్ ఇబ్నె ముబారక్ అన్న మాట అక్కడే ఉంది. విన్న ప్రతిదానినీ చెప్పుకొంటూ పోవడమే ఒక మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునన్న భావం గల ప్రవక్త ప్రవచనమూ అక్కడే ఉంది. ఆ పీఠికను నేను ఎన్నిసార్లు బోధించానో లెక్క లేదు. ఒక ఉల్లేఖకుడు తన అసలు మూలాన్ని మరుగుపరిస్తే దానిని 'తద్లీస్' అంటారని నల్లబల్ల మీద రాసి మరీ వివరించాను. పాఠశాలలో సనద్ లేని మాటను ఒప్పుకోనివాడిని, ఫోనులో సనద్ లేని దృశ్యాన్ని ఊరంతటికీ పంచాను.

'కళ్లారా చూశాము గదా' అంటాము. కంటి చూపు మీద మనకున్న ఈ నమ్మకాన్ని వెయ్యేళ్ల కిందటే ఒక ముస్లిం శాస్త్రవేత్త పరీక్షకు పెట్టాడు. బస్రాలో 965లో పుట్టి కైరోలో జీవించిన ఇబ్నుల్ హైసమ్, ఏడు భాగాల 'కితాబుల్ మనాజిర్'లో కాంతి వస్తువుల నుంచి కంటికి చేరుతుందని నిరూపించాడు. వెలుపల దీపాలు పెట్టి, చిన్న రంధ్రం గుండా చీకటి గదిలోకి వాటి వెలుగును రప్పించి ప్రయోగాలు చేశాడు. నేటి కెమెరా వెనుక ఉన్న సూత్రం అదే. ఆ మహనీయుడు తన గ్రంథంలోని మూడో భాగాన్ని దృష్టి చేసే పొరపాట్లకే కేటాయించాడు. చూపు ఎలా పనిచేస్తుందో అందరికన్నా బాగా తెలిసినవాడే, చూపు ఎక్కడ తడబడుతుందో కూడా చెప్పడం తన బాధ్యత అనుకొన్నాడు.

దివ్య ఖుర్‌ఆన్ హుజురాత్ సూరాలో అల్లాహ్ విశ్వాసులకు చేసిన ఆదేశం మనందరికీ తెలుసు. నమ్మదగనివాడు వార్త తెస్తే నిర్ధారించుకోవాలి, లేకుంటే తెలియనితనంతో కొందరికి హాని తలపెట్టి, ఆపై చేసినదానికి విచారించవలసి వస్తుందని దాని సారాంశం. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) గారి మీద నింద వ్యాపించిన రోజులను గురించి నూర్ సూరాలో చేసిన మందలింపు మరింత తీవ్రమైనది. నింద పుట్టించినవారిని మాత్రమే గాక, నోటి నుంచి నోటికి దానిని మోసినవారిని కూడా ఆ సూరా నిలదీసింది. తాము చేసినది చిన్న విషయమని వారు తలచారు, అల్లాహ్ దృష్టిలో అది పెద్ద విషయం. వేలితో ఒక్క మీట నొక్కడం కన్నా చిన్న పని ఏముంటుంది?

ప్రదర్శనశాల నుంచి వెలుపలికి వచ్చేసరికి అస్ర్ వేళయింది. ఏ వీధి ఏ దేశానిదో తెలియని ఆ చోట ఖిబ్లా దిశ కోసం అందరమూ సూర్యుని వైపు చూశాము. ఆ సెట్టింగుల మధ్య దేనినీ నటించనిది ఆ సూర్యుడొక్కడే. ఒక చెట్టు నీడలో జానమాజులు పరిచి ప్రయాణికుల నమాజు రెండు రకాతులు చేశాము. సలాం తరువాత మనవడు నా పక్కకు జరిగాడు.

"దాదా, ఫోనులో వచ్చేవి కూడా ఇట్లాగే చేస్తారా?"

"కొన్ని చేస్తారు నాయనా. ఇప్పుడైతే ఇంత పెద్ద స్టూడియో కూడా అక్కరలేదు. కృత్రిమ మేధతో కూర్చున్నచోటనే చేయగలరు."

"మరి మనకెట్లా తెలుస్తుంది?"

"స్తంభాన్ని తట్టి చూశావు గదా. అట్లాగే అడిగి చూడాలి."

వాడు కాసేపు ఆలోచించి, "మీరెప్పుడైనా మోసపోయారా దాదా?" అని అడిగాడు.

దగ్గరలోనే తస్బీహ్ తిప్పుతున్న నా సహధర్మిణి చేయి ఆగింది. ఆమెకు ఆ రాత్రి సంగతి తెలుసు. నేను వాడికి మొత్తం చెప్పాను. మోసపోయానని మాత్రమే చెప్పి ఊరుకొంటే అది కూడా చివరి భాగం కత్తిరించిన వీడియో అవుతుందనిపించి, పంపినది నేనేనని, క్షమాపణ అడగలేదని కూడా చెప్పాను. వాడు నన్ను తప్పు పట్టలేదు. "ఊరికి పోయినాక పోదాం దాదా, నేనూ వస్తా" అన్నాడు.

వెళ్లాము. ఖాలా వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమంది. మనవడి చేతిలో బెల్లం ముక్క పెట్టింది. విషయం చెప్పి మాఫీ అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ వీడియో చూపినోళ్లను నేను అడిగినా హజ్రత్, ఇది నిజమేనా అని. హజ్రతే పంపినారు, అబద్ధం ఎట్లయితది అన్నారు. అందుకే నమ్మినా."

తరువాత తనే అంది: "మాఫ్ చేసినా. ఆ రాత్రి నా కొడుకు కోసం అడుక్కొన్న దువా ఎక్కడికీ పోదు. కానీ మీరు వచ్చేదానికి ఇన్నేళ్లు పట్టింది."

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది, ఇప్పటికీ లేదు. నా అశ్రద్ధ ఒక్కటే అయితే ఆమెకు అంత హాని జరిగేది కాదు. ఊరు నా మీద పెట్టుకొన్న నమ్మకమే ఆ అబద్ధానికి సనద్ అయింది. ఇమాములు, ఉపాధ్యాయులు, ఇంటి పెద్దలు దీనిని గట్టిగా గుర్తుంచుకోవాలి. మన పేరు చేరగానే వదంతి వార్త అయిపోతుంది.

మరుసటి జుమా నాడు మసీదులో ఈ విషయం నేనే చెప్పుకొన్నాను. గ్రూపులోనూ రాశాను. ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం ఉంది, మనవడు దానికి కాపలాదారు. ఏ వీడియో వచ్చినా మూడు ప్రశ్నలు అడుగుతాము. దీనిని మొదట తీసినవారెవరు? ఇది ఎక్కడ, ఎప్పుడు జరిగింది? దీనిని పంపితే ఎవరికి మేలు, ఎవరికి కీడు? మూడింటిలో ఒక్కదానికి జవాబు లేకున్నా ఆ వీడియో మా ఇంటి గడప దాటదు. చాలాసార్లు ఫార్వర్డ్ అయినట్టు తెలిపే జంట బాణాల గుర్తును కొందరు ప్రమాణంగా భావిస్తారు. అది సనద్ తెగిపోయిందని చెప్పే గుర్తు. అక్కడి వ్యక్తికి నేరుగా ఫోను చేసి కనుక్కోవడం అన్నిటికన్నా మేలైన మార్గం. ఫోను కలవకపోతే తెల్లవారే దాకా ఆగడం కూడా ఒక ఇబాదతే. పొరపాటున పంపినవారు తొలగించి ఊరుకోరాదు. అది ఎంతమందికి చేరిందో అంతమందికీ సవరణ చేరాలి. ఎవరి మనసు నొచ్చిందో వారి గడప తొక్కాలి. తోటి మనిషి హక్కు విషయంలో ఆ మనిషి క్షమాపణ కూడా కావాలన్నది మనం పిల్లలకు నేర్పే పాఠమే.

మసీదు మెట్ల మీద ప్రశ్నించిన మిత్రునికి నా జవాబు ఇదే. అవును, వెళ్లాము. పిల్లలకు వినోదం దొరికింది, నాకు వాయిదా పడిన ఒక బాధ్యత గుర్తుకు వచ్చింది. వీలైతే మీరు కూడా ఇంటివారితో వెళ్లిరండి. జుహర్, అస్ర్ వేళలు ముందుగా చూసుకొని, జానమాజు వెంట తీసుకువెళ్లండి. పిల్లలు గోడలను తట్టి చూస్తామంటే వద్దనకండి.

సత్యాన్ని సత్యంగా గుర్తించి అనుసరించే భాగ్యాన్ని, అసత్యాన్ని అసత్యంగా గుర్తించి దూరంగా ఉండే శక్తిని అల్లాహ్ మనకు, మన సంతానానికి ప్రసాదించుగాక. ఆమీన్.